లెక్క కుదిరినది, దారి కుదురలేదు

సాయంసమయమున నరసరావుపేట వీథులలో గాని, మాచర్ల గురజాల ప్రాంతపు పల్లెలలో గాని, బడినుండి వచ్చిన బిడ్డ లెక్కల పుస్తకము ముందిడుకొని కూర్చున్న యింట తండ్రీబిడ్డల నడుమ సాగు వివాదము, జవాబు తప్పినందున పుట్టినది కాదు. జవాబు సరిపోయియు, దానిని చేరిన మార్గము బడిలో చెప్పినది కాకపోవుటవలన పుట్టినది.

52లోనుండి 27 తీసివేయవలెను. తండ్రికి తెలిసిన త్రోవ ఒక్కటే: రెండులో ఏడు పోదు గనుక ప్రక్కనున్న ఐదును అప్పడిగి, పన్నెండులో ఏడు పోగా ఐదు, నాలుగులో రెండు పోగా రెండు, వెరసి 25. బిడ్డ యట్లు చేయదు. పుటకు అడ్డముగా సంఖ్యారేఖ గీచి, 27 కడనుండి మూడు దుమికి 30కి, ఇరువది దుమికి 50కి, మఱి రెండు దుమికి 52కి చేరి, ఆ దుముకులన్నియు కూడి అదే 25 చెప్పును. "ఒక్క లైను లెక్కకు ఇంత బొమ్మ ఎందుకే?" అని ఆయన విసుగు, "టీచర్ ఇట్టాగే వెయ్యమంది నాన్నా, నీ లాగా వేస్తే మార్కులెయ్యదు" అని దాని కన్నీరు.

ఆ విసుగు న్యాయమే గాని, క్రొత్త పద్ధతి మూఢమని మాత్రము నేననను. 64 రూపాయల సరకుకు నూఱు రూపాయల నోటిచ్చినప్పుడు మాచర్ల కిరాణా కొట్టువాడు అప్పడుగునా? ఆరిచ్చి డెబ్బది, ముప్పదిచ్చి నూఱు అని చిల్లర చేతిలో పెట్టును. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీల తూకమును కాగితము లేకయే నోటితో కట్టుకొను ఆ తండ్రి లెక్కయు ఇట్టి దుముకులదే. ఆయన నిత్యము చేయుదానినే బిడ్డకు నేర్పుచున్నారని ఆయనకెవ్వరును చెప్పలేదు. అసలు గోడు అదియే.

పైగా భాష యొకటి అడ్డు. ప్రభుత్వ పాఠ్యపుస్తకములు 2020-21 నుండి ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఆంగ్లముగా వచ్చుచున్నవి గాని, ప్రైవేటు బడి పుస్తకమునందలి 'రీగ్రూపింగ్' తన యెఱిగిన ఒకట్ల పదుల స్థానముల వ్యవహారమేనని ఆయన యెట్లు గ్రహించును? ఇంచుమించు వేయేండ్ల క్రిందట పావులూరి మల్లన మహావీరాచార్యుని సంస్కృత గణితమునే తెలుగు పద్యములలోనికి దింపెను గదా, నేడు ఈ యొక్క మాటను తెలుగున చెప్పుటకేమి?

ఒక్క విషయమున మాత్రము తండ్రి పక్షమే నాది. ఎక్కములు వల్లించుట పాతకాలపు మోటుతనమని వదలివేసిన చోట, ఏడెనిమిదు లెంతయని వ్రేళ్లు మడచుకొను పిల్లవానికి, ఎంతటి చక్కని ఉపాయమును నడిమధ్యనే ఆగిపోవును. మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి బిడ్డకు ప్రాథమిక గణనము రావలెనని 2021లో ఆరంభమైన కేంద్రప్రభుత్వపు నిపుణ్ భారత్ పథకపు సంకల్పము. 2026-27 దాని గడువు. అర్థమొక్కటియే చాలదు, అభ్యాసము నుండవలెను.

2024 డిసెంబరు 7న రాష్ట్రమందలి ప్రభుత్వ పాఠశాలలన్నిటను తల్లిదండ్రులను పిలిచి మెగా సమావేశము జరిపిరి. అట్టి సమావేశమున, ప్రైవేటు బడులలో సైతము, ఉపన్యాసములు కొంత తగ్గించి, తల్లిదండ్రులను బల్లలపై కూర్చుండబెట్టి, తీసివేత లెక్క యొక్కటి నల్లబల్లపై రెండు విధములను తెలుగున చేసి చూపుడని ఉపాధ్యాయులకు మనవి. ఏ దారిని వచ్చినను సరియైన జవాబునకు మార్కులు కోయవలదని మఱియొక మనవి.