విశ్వాసం చెప్పుకుంటే నష్టపోవాలా?

ఐరోపాలో క్రైస్తవుడిగా నలుగురిలో బతకడం గురించి మాటొస్తే, చర్చ ఖాళీ అవుతున్న చర్చిల మీదికి మళ్లుతుంది. ఫ్రాన్స్ 1905లోనే చట్టం చేసి ప్రభుత్వాన్నీ చర్చినీ విడదీసింది. 2004లో ప్రభుత్వ బడుల్లో కొట్టొచ్చినట్టు కనిపించే మతచిహ్నాలను నిషేధించింది. ఆంధ్రప్రదేశ్‌లోని మా ధర్మవరం, తాడిమర్రి ప్రాంతంలో పరిస్థితి వేరు. ఇక్కడ దేవుణ్ణి నమ్ముతానంటే ఎవరూ వింతగా చూడరు. దళిత క్రైస్తవుడికి చిక్కంతా ప్రభుత్వ కాగితం దగ్గరే వస్తుంది. లౌకికరాజ్యం ఎవరి విశ్వాసాన్నీ దాచుకోమనకూడదు, చెప్పుకున్నందుకు నష్టపరచకూడదు. అలాగే బాహాటంగా నమ్మే హక్కు కోరేవాళ్లు తమ నడవడికను కూడా అంతే బాహాటంగా ఉంచాలి.

రాజ్యాంగం 25వ అధికరణ మనస్సాక్షి స్వేచ్ఛతో ఆగలేదు. శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం అనే హద్దులకు లోబడి మతాన్ని వెల్లడించుకునే, ఆచరించే, ప్రచారం చేసుకునే హక్కు కూడా ఇచ్చింది. అయితే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ దళితులు ఇప్పటికీ బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో వాళ్లకు దక్కేది బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్. అందుకే ఎన్నో కుటుంబాల్లో చర్చిలో పిలిచే పేరు ఒకటి, సర్టిఫికెట్‌లో పేరు మరొకటి. పిల్లల చదువు, ఉద్యోగం ముందు పెట్టుకుని మతం పేరు రాయమంటే ఏ తల్లిదండ్రులైనా జంకుతారు. ఆ జంకును మోసమనడం తేలిక. దాన్ని పుట్టించిన నిబంధనను ప్రశ్నించడం న్యాయం.

‘క్రైస్తవంలో కులం లేదు కదా, మరి ఎస్సీ హోదా ఎందుకు?’ అని అడుగుతారు. సిద్ధాంతపరంగా ఆ మాట నిజమే. కానీ బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఇల్లు వాడ దాటిపోదు, కూలి పెరగదు, ఊరు చూసే చూపు మారదు. ఎస్సీ హోదాకు మతంతో ముడి తెంచాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానించింది.

‘సేవ పేరుతో మతం మారుస్తారు’ అన్నది ఇంతకన్నా బరువైన అభ్యంతరం. దీన్ని కోపంతో కొట్టిపారేయకూడదు, పనితో జవాబివ్వాలి. స్పెయిన్ నుంచి జెస్యూట్ అనే క్యాథలిక్ సంఘ సభ్యుడిగా వచ్చిన విన్సెంట్ ఫెర్రర్‌ను ఇలాంటి అనుమానాల మధ్యే 1968లో మహారాష్ట్ర నుంచి పంపించేశారు. మరుసటి ఏడాది ఆయన అనంతపురం చేరారు. జెస్యూట్ సంఘాన్ని వీడి, భార్య అన్నే ఫెర్రర్‌తో కలిసి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) అనే సేవాసంస్థను నిలబెట్టారు. తాడిమర్రి పొరుగునున్న బత్తలపల్లిలో ఆ సంస్థ ఆసుపత్రి, నలుగురూ దూరం పెట్టే హెచ్‌ఐవీ రోగులకూ వైద్యం అందించింది. ఆర్డీటీ చర్చి సంస్థ కాదు, మతప్రచారం దాని పని కాదు. అయినా విశ్వాసంతో మొదలైన ఒక జీవితం సాటి మనిషికి ఎంత మేలు చేయగలదో ఈ సీమ కళ్లారా చూసింది. ఆ మేలుకు మతం షరతు కాలేదు కాబట్టే అన్ని కులాలవాళ్లూ, అన్ని మతాలవాళ్లూ ఆయన్ను తమవాడనుకున్నారు.

కాబట్టి రెండు పనులు జరగాలి. నిజం చెప్పినవాడి హక్కును తగ్గించే ఉత్తర్వును కేంద్రం సవరించాలి. సాయం అందుకోవడానికి ప్రార్థనకు రావాలనే షరతు ఎక్కడున్నా దాన్ని ముందుగా క్రైస్తవులే కాదనాలి. మొదటిది ప్రభుత్వం తీర్చాల్సిన బాకీ. రెండోది విశ్వాసులు ఎవరి అనుమతీ లేకుండా ఈరోజే మొదలుపెట్టగల పని.