మీకు తెలుసా? ఒక్క తీగ తెగితే వేయి కాస్తా వంద!

హనుమకొండలో రెండంతస్తుల ఇల్లు అనుకోండి. కింద రౌటర్, పైన మెష్ డబ్బా (వైఫైని ఆ అంతస్తుకూ అందించేది), మధ్యలో వైరు. తీసుకున్నది 300 ఎంబీపీఎస్ ప్లాన్. పైన కంప్యూటర్‌కు మాత్రం 94 దాటదు. తప్పు ఇంటర్నెట్ కంపెనీది కాకపోవచ్చు.

ఈథర్‌నెట్ వైరులో 8 తీగలు 4 జతలుగా మెలిపెట్టి ఉంటాయి. 100 ఎంబీపీఎస్ వేగానికి రెండు జతలు చాలు, 1000కి నాలుగూ కావాలి. మిగతా రెండు జతల్లో ఒక్క తీగ తెగినా చాలా పరికరాలు ఆగిపోవు, చప్పుడు చేయకుండా 100కు దిగిపోతాయి. లైటు వెలుగుతూనే ఉంటుంది కనుక మనకు అనుమానం రాదు. డాబా మీదుగా వేసిన వైరును కోతులు లాగినా, తలుపు సందులో నలిగినా ఇదే గతి.

పై డబ్బాను కిందికి తెచ్చి, రౌటర్‌కు చిన్న కొత్త వైరుతో కలిపి చూడండి. వేగం వస్తే పాత వైరుదే లోపం. రాకపోతే పోర్టు మార్చండి. కొన్ని చౌక మెష్ డబ్బాల్లో పోర్టే 100 రకం, దానికి మందు లేదు.

చౌరస్తాలో కొత్త వైరు కొనేటప్పుడు అచ్చమైన రాగిదేనా అని అడగండి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగలు వంచితే త్వరగా విరుగుతాయి.

ఇంకో జాగ్రత్త: ఒక నెట్‌వర్క్ స్విచ్ (ఒక వైరును చాలా పరికరాలకు పంచే పెట్టె) నుంచి ఒకే మెష్ డబ్బాకు రెండు వైర్లు పెడితే సమాచారం గిరగిరా తిరిగి ఇల్లంతా నెట్ స్తంభించవచ్చు. ఈ చుట్టును తెంపే పద్ధతిని 1985లో కంప్యూటర్ శాస్త్రవేత్త రేడియా పెర్ల్‌మన్ కనిపెట్టారు. చౌక స్విచ్‌లు చాలావాటిలో అది ఉండదు.