సొరచేప – విద్యుత్కవచము

సముద్రమునకు వందల కిలోమీటర్ల దూరమున, హైదరాబాదు చెంత నున్న కండ్లకోయలో సొరచేపల ప్రసక్తి యేలయని కొందఱు శంకింపవచ్చును. కాని ఆ చుట్టుప్రక్కల ఇంజనీరింగు కళాశాలలలో చదివిన యువకులు సెలవు దొరికినంతనే సికిందరాబాదులో రైలెక్కి, విశాఖ ఋషికొండలో స్కూబా డైవింగునకు దిగుచున్నారు. పైచదువులకై ఆస్ట్రేలియా కేగినవారు పెర్తు, సిడ్నీ తీరములలో సర్ఫింగు పలక నెక్కుచున్నారు. 'సొర పట్టునేమో' యని యింట తల్లులు పడు బెంగ సహజమే. అయినను, మనుష్యుడు కవ్వింపకయే సొర కఱచిన సందర్భములు ప్రపంచమంతటను కలిపి ఏటికి 60, 70 ప్రాంతముననే యుండును. వానిలో మరణములు సాధారణముగా పదికి మించవు.

మన జాలరులకు సొర ఆహారముగనే యెక్కువ పరిచితము. పాలసొరను బాలింతలకు వండిపెట్టు ఆచారము నేటికిని కలదు. విశాఖ చేపలరేవులో గంపలోని సొర మూతిని దగ్గఱగా జూచినచో, సూదితో గ్రుచ్చినట్లు చిన్నరంధ్రములు కానవచ్చును; వ్రేలితో నొక్కిన, వానినుండి తేటయైన జిగురు పైకుబుకును. 1678లో ఇటలీ వైద్యుడు స్తెఫానో లోరెంజీని వీనిని వర్ణించెను గాని, వీని ప్రయోజనము చిరకాలము తెలియలేదు. ఇసుకలో దాగిన చేప శరీరమునుండి వెలువడు సూక్ష్మవిద్యుత్తును సొర ఈ రంధ్రములచేతనే పసిగట్టునని 1971లో ఆడ్రియానస్ కాల్మిన్ ప్రయోగములు నిరూపించినవి. వోల్టును నూఱుకోట్ల భాగములు చేసి, అందు అయిదు భాగముల భేదము సెంటీమీటరు మేరలో నున్నను దానికి తెలియునట! ప్రకృతి నిర్మించిన యింద్రియములలో ఇంతకంటె ఆశ్చర్యకరమైనది నాకు కనబడదు.

అంతటి సున్నితమైన యింద్రియమునకు దుస్సహమగు విద్యుత్స్పందనలను నీటిలో విడిచి సొరను తొలగించుటయే విద్యుత్కవచములను పరికరముల తత్త్వము. దక్షిణాఫ్రికాలోని క్వాజులూ-నటాల్ సొరల మండలి 1990 దశకమున దీనికి రూపమిచ్చెను. నేడు డైవర్లు బ్యాటరీని చీలమండకు కట్టుకొని, పొడవైన యాంటెన్నాను వెనుక నీడ్చుకొనుచు ఈదుదురు. సర్ఫర్లు పలకకే అమర్చుకొందురు. 2018లో ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన పరీక్షలో, ఏ సాధనమును లేనప్పుడు తెల్లసొరలు నూటికి 96 మార్లు ఎరను తినగా, 'ఫ్రీడమ్ ప్లస్ సర్ఫ్' అను విద్యుత్సాధన మున్నప్పుడు 40 మార్లే తినెను. అయస్కాంతపు పట్టీలును, వాసనగల మైనమును చెప్పుకొనదగిన మేలు చేయలేదు. పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వము 2017లో ఇట్టి పరికరమునకు 200 డాలర్ల రాయితీ నిచ్చుట సమంజసమే. అయినను ఆ నలుబది మార్లను మఱవరాదు. విద్యుత్ క్షేత్రము కొలది మీటర్లలోనే క్షీణించిపోవును, ఆకలిగొన్న సొర యొక్కొక్కప్పుడు దానిని లెక్కచేయదు. పెర్తులోని పిల్లవాడు దీనిని కొనవలసినదే. కొని, సొర కనబడినదని హెచ్చరించిన నాడు నీటిలో దిగకుండవలసినదే.

ఋషికొండకు బోవువానికి మాత్రము ఇది వృథావ్యయమని నా నిశ్చితాభిప్రాయము. విశాఖ తీరమున ఏటేట విహారమునకు వచ్చిన పిల్లలను పొట్టనబెట్టుకొనుచున్నది సొర కాదు, అలల నడుమ నుండి లోపలికి లాగు ప్రవాహము. అది లాగినప్పుడు బలమంతయు వెచ్చించి ఒడ్డువైపునకు ఎదురీదరాదు. తీరమునకు సమాంతరముగ కొంతదూర మీది, లాగుడు తగ్గిన తరువాతనే ఒడ్డునకు మరలవలెను.