కాలువ గట్టు పట్టుకుంటే.. సముద్రం దాకా!

ఆదివారం తెల్లవారకముందే సైకిలేసుకుని హైవే ఎక్కేవాళ్లలో మీరూ ఒకరా? హెల్మెట్ ఉంది, వెనక ఎర్ర లైటుంది, మెరిసే జాకెట్ ఉంది, ఇంకేం కావాలి అనుకుంటున్నారా? అయితే ఒక్క లెక్క చూడండి. 2022లో దేశం మొత్తమ్మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. మన రోడ్ల పొడవులో జాతీయ రహదారుల వాటా రెండు శాతానికి కాస్త అటూ ఇటూ. ఈ మరణాల్లో మాత్రం వాటి వాటా 36 శాతం. రాత్రంతా కునుకు లేకుండా బండి నడిపిన లారీ డ్రైవరుకి తెల్లవారుజామున మీ జాకెట్ ఎంత మెరిసినా కనపడుతుందన్న గ్యారంటీ లేదు. హెల్మెట్ కంటే ముందు ఎంచుకోవాల్సింది రోడ్డు.

‘ట్రాఫిక్ లేని రోడ్డు మన దగ్గర ఎక్కడుంది బాస్?’ అంటారు. హైదరాబాద్‌లో ఔటర్ పక్కన సోలార్ పలకల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో వచ్చింది. మంచి పనే. కానీ అందరికీ కోకాపేట పక్కన ఇల్లుండదు కదా! పైగా ఎటు తిరిగినా అదే ట్రాక్ అంటే నాలుగో వారానికి విసుగొస్తుంది (నాకైతే రెండో వారానికే వచ్చింది). పచ్చటి పొలాల మధ్య నుంచి సముద్రం దాకా తొక్కాలని ఉంటే గోదావరి డెల్టాకి వెళ్లండి. అక్కడి ఖాళీ రోడ్లను సైకిళ్ల కోసం ఎవరూ వేయలేదు. అవి నీళ్ల కోసం పోసిన గట్లు.

పడవలు లాగిన దారి

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలైంది, 1852కల్లా పూర్తయింది. దాంతోపాటు తవ్విన కాలువలు పొలాలకు నీళ్లిచ్చాయి, పడవలకు దారీ అయ్యాయి. ధాన్యం, కొబ్బరి అన్నీ పడవల్లోనే వెళ్లేవి. తెరచాపకు గాలి అందనప్పుడు మనుషులే గట్టు మీద నడుస్తూ తాళ్లతో పడవని లాగేవాళ్లు. అలా లాగాలంటే గట్టు మధ్యలో తెగిపోకూడదు కదా. అందుకే కాలువ పక్కన దారి ఊరి తర్వాత ఊరు దాటుకుంటూ పోతూనే ఉంటుంది. లారీలు వచ్చాక పడవలు పోయాయి. దారి మిగిలింది. చాలాచోట్ల దాని మీద తారు పడింది, కొన్నిచోట్ల సిమెంటు, ఇంకొన్నిచోట్ల ఇప్పటికీ గ్రావెలే. ఫ్రాన్స్‌లో, ఇంగ్లండ్‌లో ఇలాంటి కాలువ గట్లే ఇప్పుడు పేరున్న సైకిల్ రూట్లు. మన దగ్గర బోర్డు పెట్టలేదు, అంతే తేడా.

ఇంకో లాభం కూడా ఉంది. బ్యారేజీ దగ్గర మామూలు రోజుల్లో నిలిచే నీటిమట్టం సముద్రం కంటే దాదాపు 14 మీటర్ల ఎత్తు మాత్రమే. అక్కడి నుంచి కాలువలు సముద్రం దాకా పోవాలంటే అరవై, డెబ్భై కిలోమీటర్లు. అంటే కిలోమీటరుకు పాతిక సెంటీమీటర్ల వాలు కూడా లేదన్నమాట! గేర్లతో పనే లేదు. లక్ష రూపాయల రోడ్ బైక్ కొన్నాకే వెళ్తానని కూర్చోకండి. ఇంట్లో మూలన పడి ఉన్న ఇంటర్ నాటి సైకిల్‌కి కొత్త టైర్లు, కొత్త బ్రేక్ రబ్బర్లు వేయిస్తే చాలు.

ఒక రూటు.. రెండు పొద్దులు

నేను అందరికీ చెప్పే రూటు ఇది: రాజమండ్రి నుంచి అంతర్వేది. వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. ఒక్కరోజులో కొట్టేయొచ్చు కానీ వద్దు, రెండు ఉదయాలు పెట్టుకోండి.

రాజమండ్రిలో చీకటుండగానే లేచి ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరండి. మధ్య డెల్టాకు, అంటే కోనసీమకు నీళ్లు వెళ్లేది ఇక్కడి నుంచే. ఇక కాలువే మీకు గైడు. పూతరేకుల ఆత్రేయపురం ఈ గట్టు మీదే తగులుతుంది. పొద్దున్నే దుకాణాలు తెరవకపోతే నన్ను తిట్టుకోకండి. తర్వాత లొల్ల లాకులు. కాలువ పాయలుగా చీలే చోటు. గేట్ల దగ్గర నీళ్ల హోరు, చుట్టూ చెట్లు.. సినిమాల్లో చాలాసార్లు చూసే ఉంటారు. ఈ ముక్కలో కార్లు తిరుగుతాయి కాబట్టి ఏడులోపే దాటేయడం మంచిది.

రావులపాలెం దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి అడ్డొస్తుంది. మొత్తం రూటులో నన్ను భయపెట్టే చోటు ఇదొక్కటే. ఇక్కడ హీరోయిజం వద్దు. దిగి, సైకిల్ నడిపించుకుంటూ దాటండి.

అవతలికి చేరాక ఒక చిట్కా గుర్తుపెట్టుకోండి. కాలువకు రెండు గట్లు. బస్సులు, ఆటోలు తిరిగే పెద్ద రోడ్డు ఒక గట్టు మీద ఉంటే, చాలాచోట్ల ఎదురు గట్టు మీద సన్నటి దారి ఉంటుంది. మీది ఆ సన్నటిది. తూములు, చిన్న వంతెనలు వచ్చినప్పుడల్లా అటూ ఇటూ మారొచ్చు. ‘ట్రాఫిక్ లేదు’ అంటే అసలు ఏమీ రాదని కాదు. ఓ ట్రాక్టరు, పాలక్యాన్ల మోపెడ్, గట్టంతా నాదే అన్నట్టు నడిచే బాతుల మంద. బాతులకు బెల్లు కొట్టి లాభం లేదు, ఆగాల్సిందే.

పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ వస్తుంది. సివిల్ వాళ్లయితే ఇక్కడ అరగంట ఎక్కువ పెట్టుకోండి. నది మీదుగా కాలువ దాటుతుంది! 19వ శతాబ్దంలో తోరణాల మీద కట్టిన పాత అక్విడక్టు, దాని పక్కనే 2000లో వచ్చిన కొత్తది. కొత్తదానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. దారినపోయే ఎవరికైనా, ఏ వేళకైనా అన్నం పెట్టిన తల్లి ఆమె, ఈ మండలంలోని లంకల గన్నవరమే. రాత్రికి రాజోలులోనో, వసిష్ఠ ఒడ్డున దిండిలోనో ఆగండి.

రెండో ఉదయం అంతర్వేది. నరసింహస్వామి గుడి, లైట్‌హౌస్, వసిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు. అక్కడి నుంచి వెనక్కి సఖినేటిపల్లి రేవుకొచ్చి, సైకిల్‌తో సహా పంటు ఎక్కి నది దాటితే నరసాపురం.

మ్యాప్‌ని నమ్మండి, మరీ నమ్మకండి

గూగుల్ మ్యాప్స్‌లో టూవీలర్ మోడ్ పెడితే తొందరగా చేరే దారి చూపిస్తుంది. మనకు తొందర లేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తెరిచి నీలం గీతను, అంటే కాలువను పట్టుకోండి. దాన్ని ఆనుకుని సన్నటి గీత ఉందా? ఇప్పుడు శాటిలైట్ వ్యూలో అదే చోటు చూడండి. నల్లగా ఉంటే తారు, తెల్లగా ఉంటే సిమెంటు, ఎర్రగా ఉంటే గ్రావెల్. స్ట్రావా హీట్‌మ్యాప్‌లో అక్కడ వెలుగు కనిపిస్తే మీకంటే ముందు ఎవరో తొక్కారని అర్థం. కనిపించకపోయినా ఫర్వాలేదు, పాలవాళ్లు స్ట్రావా పెట్టుకోరు. జీపీఎక్స్ ఫైలు ఫోన్‌లో వేసుకుని, ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి.

యాప్ ఈ రూటుకు వందల మీటర్ల ఎక్కుడు చూపిస్తే కంగారుపడకండి. చాలా యాప్‌ల ఎత్తుల డేటా 2000లో అమెరికా స్పేస్ షటిల్ రాడార్‌తో తీసిన కొలతల మీద ఆధారపడింది. ఆ రాడార్‌కి దట్టమైన తోటల్లో నేల సరిగ్గా అందదు. మీరు ఎక్కబోయేది కొండ కాదు, కొబ్బరిచెట్టు!

సన్నటి గీతలన్నీ ఖాళీ రోడ్లే అనుకోవడమూ పొరపాటే. భీమవరం చుట్టుపక్కల శాటిలైట్‌లో నీలంగా మెరిసేవి చేపల, రొయ్యల చెరువులు. వాటి మధ్య రోడ్ల మీద మేత లారీలు, ఐసు లారీలు, పట్టుబడి రోజుల్లో చెప్పక్కర్లేదు. బురద పడి జారుతుంది కూడా. అటువైపు నేను కొత్తవాళ్లకు చెప్పను.

పనిలో పని. వెళ్లొచ్చాక ఆ గట్టు తారా, గ్రావెలా అన్నది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో నమోదు చేయండి. ఎవరైనా చేయొచ్చు, ఫ్రీ. క్యూజీఐఎస్ నేర్చుకుంటున్న వాళ్లకు రెజ్యూమెలో ‘ఆన్‌లైన్ కోర్సు పూర్తి’ అన్న లైను కంటే ఇలా నేల మీద తిరిగి సరిచేసిన మ్యాపే గట్టిగా మాట్లాడుతుంది.

గాలి, వడ్లు, పంపు

ఎత్తుపల్లాలు లేని ఈ రూటులో మీ ప్రత్యర్థి గాలి. పొద్దెక్కాక నేల వేడెక్కి సముద్రం మీంచి గాలి లేస్తుంది. మీరు వెళ్లేది దానికి ఎదురుగా. అందుకే ఐదున్నరకు మొదలెట్టి పదిన్నరకల్లా ఆపేయమనేది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది, తుపాను హెచ్చరిక లేకపోతేనే సుమా. జులై నుంచి సెప్టెంబరు దాకా వరదలు, పంటు కూడా ఆపేస్తారు. మాఘమాసంలో అంతర్వేది తీర్థం రోజుల్లో ఈ రోడ్లకు ఖాళీ అన్న మాటే వర్తించదు.

కోతలయ్యాక రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. చుట్టూ రాళ్లు పెడతారు. వాటి మీదుగా తొక్కకండి. జారిపడతారు, అది పక్కన పెడితే ఆరు నెలల కష్టం అది. చీకటి పడ్డాక గట్టు మీద అసలు వద్దు, చాలాచోట్ల కాలువ వైపు పిట్టగోడ ఉండదు.

తుమ్మ ముల్లు గుచ్చుకోకుండా తిరిగొస్తే మీ అదృష్టం. రెండు ట్యూబులు, చేతి పంపు ఉంచుకోండి. మీది సన్నటి ప్రెస్టా వాల్వ్ అయితే ఊళ్లో పంక్చర్ షాపు కంప్రెసర్ దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ జేబులో వేసుకోండి.

నరసాపురం నుంచి హైదరాబాద్‌కు రాత్రి రైలుంది. సైకిల్‌ను మీ టికెట్ మీదే లగేజీగా బుక్ చేసి బ్రేక్ వ్యాన్‌లో వేయించొచ్చు. పార్శిల్ ఆఫీసుకి గంటన్నర ముందే వెళ్లండి. లైటు, మీటరు, బాటిల్ విప్పి బ్యాగులో పెట్టుకోండి. పేరు, ఫోన్ నంబరు అట్ట ముక్క మీద రాసి ఫ్రేముకి కట్టండి. పెడళ్లు విప్పాలంటే మాత్రం గుర్తుంచుకోండి, ఎడమది తిరగమర ఉంటుంది.