నల్ల ఇసుక ఒడ్డున టమాటా బజ్జీ

టమాటాతో బజ్జీ వేయడం తేలిక కాదు. కాయ నిండా నీళ్లే. చక్రాలుగా కోసి శనగపిండిలో ముంచితే పిండి జారిపోతుంది, బాణలిలో వేయగానే నూనె చిటపటలాడి చేతుల మీదికి ఎగురుతుంది. అందుకే మన విశాఖ తీరంలో కాయను కాయలాగే పిండిలో ముంచి వేయించి, తర్వాత చీల్చి, ఉల్లిపాయ ముక్కలు, కొత్తిమీర కూరి, నిమ్మకాయ పిండి ఇస్తారు. రుచంతా బాణలి దిగాకే లోపలికి వెళ్తుంది.

సూరత్ పక్కన డుమస్‌లో ఈ పని తిరగబడింది. అక్కడ రుచి ముందే ఎక్కుతుంది.

గట్టి టమాటాలు ఏరుకుంటారు. మరీ పండినది పనికిరాదు. కాస్త మందంగా చక్రాలు కోసి, ఒక్కో చక్రం మీద పచ్చి చట్నీ దట్టంగా మెత్తుతారు. కొత్తిమీర, పచ్చిమిర్చి, వెల్లుల్లి కలిపి నూరిన ముద్ద అది, చెంచా నుంచి జారనంత గట్టిగా ఉంటుంది. చట్నీ చెదరకుండా చక్రాన్ని అంచులు పట్టి పిండిలో ముంచి, నూనెలోకి మెల్లగా వదులుతారు. నాకు అర్థమైనంతలో కిటుకు ఆ చట్నీలోనే ఉంది. నున్నటి తడి ముక్కకు అంటని పిండి, గరుకైన ముద్దను పట్టుకుంటుంది. వేగిన బజ్జీ పసుపు పొర కింద ఒక పక్క పచ్చగా, ఒక పక్క ఎర్రగా కనిపిస్తుంది. కొరికితే ముందు కరకర, వెంటనే మిర్చి ఘాటు, ఆ ఘాటు మీదికి వేడి పుల్లటి రసం. మూడూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఏ బజ్జీలోనూ నాకు ఈ వరుస దొరకలేదు.

డుమస్ సూరత్‌కు ఇంచుమించు 20 కిలోమీటర్ల దూరంలో, అరేబియా సముద్రం ఒడ్డున ఉంది. ఇసుక నల్లగా ఉంటుంది, ఇనుము పాలు ఎక్కువని చెబుతారు. ఆ నలుపును పట్టుకుని దెయ్యాల కథలు అల్లి ఊరి పేరు మోగించారు. సూరత్ జనానికి మాత్రం డుమస్ అంటే సాయంత్రం, సముద్రపు గాలి, 'టమేటా నా భజియా'. లష్కరి పేరున్న దుకాణం ఊరు దాటి ప్రసిద్ధి. బజ్జీలను ఇక్కడ తూకం లెక్కన అమ్ముతారు. ప్లేటుకు నాలుగని లెక్కపెట్టుకునే మనకు మొదటిసారి తికమకే.

పక్కనే ఇంకో బాణలిలో 'రతాళు పూరీ' వేగుతుంటుంది. పేరుకే పూరీ, నిజానికి అదీ బజ్జీయే. ఊదారంగు దుంపను గుండ్రంగా కోసి పిండిలో ముంచి, పైన దంచిన ధనియాలు, మిరియాలు చల్లి వేయిస్తారు. ఈ దుంపను గుజరాతీలో 'కంద్' అని కూడా అంటారు. అది మన కంద అనుకోకండి, గోదావరి జిల్లాల్లో పులుసు పెట్టుకునే పెండలం జాతిది. తుంచితే లోపల ఊదారంగు, నోట్లో వెన్నలా కరుగుతుంది. ధనియం గింజ పంటికి తగిలినప్పుడు వచ్చే వాసన వేరు.

సూరత్‌లో మనవాళ్లూ తక్కువేం కాదు. తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలు మరమగ్గాల మీద బతుకులు నిలబెట్టుకుని లింబాయత్ లాంటి పేటల్లో స్థిరపడ్డారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. రోజంతా మగ్గాల చప్పుడు విన్న చెవులకు డుమస్ అలల హోరు ఎంత హాయో చెప్పనక్కర్లేదు. మిర్చి బజ్జీ ఎరిగిన నాలుకకు డుమస్ చట్నీ ఘాటు కొత్తగా అనిపించదు, కొత్తదనమంతా ఆ టమాటా రసానిదే.

వెళితే ఒక్క మాట గుర్తుంచుకోండి. బాణలిలోంచి తీసిన టమాటా బజ్జీని వెంటనే కొరకొద్దు, లోపలి రసం నాలుక కాల్చేస్తుంది. కాసేపు ఊదుకుని తినండి. అలాగని పొట్లం కట్టించుకుని నగరానికి తీసుకెళ్లినా దండగే, దారిలోనే పొర మెత్తబడి చట్నీ నీరుకారిపోతుంది. ఆ ఒడ్డునే, కాగితం మీద పెట్టుకుని నిలబడి తినాలి.