ఒక నగరాన్ని మార్చిన దినచర్య

1994 సెప్టెంబరు నెలాఖరున సూరత్ రైల్వే స్టేషనులో కాలు మోపడానికి చోటు లేకపోయింది. ముఖాలకు చేతిరుమాళ్ళు కట్టుకొని, చంకన పిల్లలతో, చేతికందిన మూటలతో జనం ఏ రైలు వస్తే ఆ రైలెక్కి నగరం విడిచి పోతున్నారు. ప్లేగు సోకిందన్న వార్త మరమగ్గాల పేటలనూ, వజ్రాలకు సానపట్టే కార్ఖానాలనూ కొద్ది దినాలలోనే వెలవెలబోయేటట్లు చేసింది. సూరత్‌లో యాభై మందికి పైగా మరణించారు. లక్షల సంఖ్యలో ప్రజలు తరలిపోయారు. తెలంగాణ జిల్లాల నుండి వచ్చి అక్కడ మగ్గాన్ని నమ్ముకొని స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ అది పీడకలే అయింది.

మందులతో వ్యాధి త్వరలోనే అణిగింది. అయితే దానికి చోటిచ్చిన మురికి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. తాపీ నది ఒడ్డున ఉన్న ఆ నగరం సంపదలో ఎంత ముందున్నదో పారిశుద్ధ్యంలో అంత వెనుకబడి ఉంది. 1995 మే నెలలో సూర్యదేవర రామచంద్రరావు అనే ఐ.ఏ.ఎస్. అధికారి సూరత్ నగరపాలక సంస్థ కమిషనరుగా వచ్చారు. ఎస్.ఆర్. రావుగా ఆయన ప్రసిద్ధులు. ఆయనకు లభించినది పాత సిబ్బందే, పాత చట్టమే. అందుచేత ఆయన మొదట మార్చినది అధికారుల దినచర్యను.

మన కార్యాలయాలలో పని ఎట్లా సాగుతుందో అందరికీ తెలిసినదే. ఒక వీథిలో మురుగు కాలువ పొంగుతుంది. ఎవరో అర్జీ పెడతారు. అర్జీ ఫైలుగా మారి, ఒక బల్ల నుండి మరొక బల్లకు ప్రయాణించి, పై అధికారి సంతకానికి చేరుతుంది. అంతలో కాలువ నీరు ఇళ్ళలోకి చేరుతుంది. ఆ అధికారి సోమరి కాకపోవచ్చు. పొద్దుగూకేవరకూ తలవంచి సంతకాలు చేస్తూనే ఉండవచ్చు. కాని ఆయన చూస్తున్నది కాగితాన్నే గాని కాలువను కాదు.

ఈ వరుసను రావు తలక్రిందులు చేశారు. ఉదయపు వేళ ఫైళ్ళకు గాక వీథులకు కేటాయించబడింది. కమిషనరుతో సహా పెద్ద అధికారులందరూ ప్రతిదినం పేటలలో తిరిగి చెత్తకుప్పలనూ, కాలువలనూ, కుళాయిలనూ స్వయంగా చూడవలసి వచ్చింది. ఈ పద్ధతికి 'ఏసీ టు డీసీ' అనే చమత్కారమైన పేరు పడింది. ఏసీ అంటే చల్లని గది, డీసీ అంటే రోజువారీ చాకిరీ. మధ్యాహ్నం అధికారులందరూ ఒకచోట సమావేశమయ్యేవారు. ఉదయం ఎవరు ఏమి చూశారు, నిన్న ఒప్పుకున్న పనిలో ఎంత జరిగింది, రేపు ఏమి జరగాలి అన్నవే చర్చనీయాంశాలు. రెండు శాఖల మధ్య నెలల తరబడి నలగవలసిన చిక్కు, ఆ రెండు శాఖల అధికారులూ ఎదురెదురుగా కూర్చున్నప్పుడు అక్కడికక్కడే తేలిపోయేది.

చూడడానికి కళ్ళు మాత్రమే ఉంటే చాలదు, చేయడానికి చేతులూ ఉండాలి. నగరాన్ని ఆరు మండలాలుగా విభజించి, ఒక్కొక్క మండలానికి ఒక కమిషనరును నియమించి, ఆర్థిక, పరిపాలనా అధికారాలను వారికి అప్పగించారు. ప్రతి చిన్న ఖర్చుకూ కేంద్ర కార్యాలయం అనుమతి కోసం ఎదురు చూడవలసిన అవసరం తప్పింది. దానితోపాటే తప్పించుకొనే వీలూ పోయింది. పౌరుల ఫిర్యాదులకు రంగు కార్డులు వచ్చాయి. వెంటనే తీర్చవలసినవి ఎర్ర కార్డు మీద, కొంత వ్యవధి పట్టేవి తెల్ల కార్డు మీద. అన్ని పనులూ అత్యవసరమే అనుకొనేవాడు ఏ పనీ సకాలంలో చేయలేడన్న సత్యం ఆ రెండు రంగులలో ఇమిడి ఉన్నది.

ఏ పనికి ఏ వేళ అనువైనదో గ్రహించడం కూడా ప్రణాళికలో భాగమే. పగటిపూట బండ్ల రద్దీలో పెద్ద వీథులను శుభ్రంగా ఊడ్వడం అసాధ్యం. అందుకని అంగళ్ళు మూసిన తరువాత, రాత్రివేళ వాటిని ఊడ్చే ఏర్పాటు చేశారు. ఏ పేటలో ఎందరు జ్వరపడ్డారో లెక్కలు తీసి, జబ్బులు ఎక్కువైన చోట నీటినీ మురుగునూ పరీక్షించే అలవాటు నగరపాలక సంస్థలో పాదుకొన్నది. నేర్చుకోవడమంటే గ్రంథాలు తిరగవేయడమే కాదు, నిన్నటి అంకె నేడు ఎందుకు మారిందని అడగడం కూడా.

ఇదంతా సాఫీగా జరిగిందని అనుకోరాదు. అక్రమ కట్టడాలను కూల్చినప్పుడు, అపరిశుభ్రమైన భోజనశాలలకు జరిమానాలు విధించినప్పుడు అలజడి రేగింది. పలుకుబడి గలవారి కట్టడాలనూ విడిచిపెట్టకపోవడం చూసి సామాన్య జనానికి నమ్మకం కుదిరింది. 1996లో, అంటే ప్లేగు వచ్చిన రెండేళ్ళకే, ఇన్‌టాక్ సంస్థ చండీగఢ్ తరువాత దేశంలో రెండవ పరిశుభ్ర నగరంగా సూరత్‌ను పేర్కొన్నది.

అసలు పరీక్ష ఆ తరువాత వచ్చింది. కొంతకాలానికి రావు బదిలీ అయి వెళ్ళిపోయారు. ఒక వ్యక్తి ఉత్సాహం మీద నిలిచిన పని ఆ వ్యక్తితోనే పోతుంది. అలవాటుగా మారిన పని నిలుస్తుంది. కేంద్ర ప్రభుత్వం జరిపే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్ 2020, 2021, 2022 సంవత్సరాలలో వరుసగా రెండవ స్థానం పొందింది. 2021లో మూడవ స్థానం మన విజయవాడది. 2023 సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి సూరత్ ప్రథమ స్థానాన్ని అందుకొన్నది.

అందరూ కమిషనర్లు కాలేరు. అయినా ఆ దినచర్య అందరికీ అందుబాటులో ఉన్నదే. ప్రధానోపాధ్యాయుడు మొదటి గంట తరగతి గదుల వెంట తిరగవచ్చు. బ్యాంకు మేనేజరు తలుపులు తెరిచిన వేళ కౌంటరు ముందున్న వరుసలో కాసేపు నిలబడి చూడవచ్చు. ఇంజనీరు నివేదిక చదవడానికి ముందు కట్టడాన్ని చూసి రావచ్చు. అయితే ఉదయం చూసినదానికి మధ్యాహ్నం నిర్ణయం తోడు కాకపోతే ఆ తిరుగుడు వట్టి వ్యాహ్యాళి అవుతుంది. చూసినది, తేల్చినది, రేపటికి మిగిలినది ఏమిటని ప్రతిదినం ఒక వేళకు అడిగితే చాలు. జనం ప్రాణభయంతో విడిచి పారిపోయిన నగరాన్ని తిరిగి నివాసయోగ్యం చేసింది ఆ నిత్యప్రశ్నే.