జేక్వెరీ: వెబ్ పుటకు సులభ వ్యాకరణము



2010వ సంవత్సరమున, నేనింకను బడిలో పనిచేయుచున్న దినములలో, పిల్లలకొఱకు ఒక చిన్న వెబ్ పుటను సిద్ధపఱచితిని. అందు నూఱు నీతిపద్యములు కలవు. పద్యముమీద నొక్కినచో దాని క్రింద తాత్పర్యము విప్పుకొనవలెను; మఱల నొక్కినచో మూసికొనవలెను. మా యింటి కంప్యూటరులో అది చక్కగా నడచెను. ఊరిపెద్దలను పిలిచి బడిలోని కంప్యూటరుపై చూపబోవునప్పటికి పద్యములు కనబడినవి గాని తాత్పర్యము ఒక్కటియు తెఱచుకొనలేదు. ముందువరుసలోని వృద్ధు డొకడు, "పంతులుగారూ, పద్యాలు మాకు నోటికి వచ్చు. తెలియనిది అర్థమే గదా, అది కనబడదేం?" అనెను. అందఱితోపాటు నేనును నవ్వితిని గాని ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

జరిగిన దేమో తెలియుటకు పుట యెట్లు నడచునో కొంచెము చెప్పవలసియున్నది. వెబ్ పుట యెక్కడనో దూరముననున్న యంత్రమునుండి మన యంత్రమునకు వచ్చును. దానిని చదివి తెరపై నిలుపు సాధనమునకు బ్రౌజరని పేరు. పుటలో మూడు భాషలుండును. ఏది శీర్షిక, ఏది పద్యము అని తెలుపునది హెచ్.టి.ఎమ్.ఎల్.; రంగును రూపును దిద్దునది సి.ఎస్.ఎస్.; నొక్కినప్పుడు చలనము కలిగించునది జావాస్క్రిప్టు. ఈ మూడవదాని తొలిరూపమును 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ అనునతడు పదిదినములలో కల్పించెను. మరుసటియేడు మైక్రోసాఫ్టువారు అట్టిభాషనే తమ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరను బ్రౌజరునకు సమకూర్చుకొనిరి. చిక్కు అక్కడ మొదలైనది.

వేరుసెనగకాయలను తెలంగాణమున పల్లీలందురు, కర్నూలువైపున బుడ్డలందురు. ఊరూర తిరుగు వర్తకుడు ఎక్కడిమాట నక్కడ వాడవలెను. బ్రౌజర్లతోడి వ్యవహారమును అట్లే యుండెను. "ఈ పద్యముపై ఎవరైన నొక్కినచో తెలుపుము" అనుటకు తక్కిన బ్రౌజర్లలో 'యాడ్ ఈవెంట్ లిజనర్' అనవలెను. ఎక్స్‌ప్లోరరు ఎనిమిదవ ప్రతివఱకు ఆ మాట తెలియదు, దానితో 'అటాచ్ ఈవెంట్' అనవలెను. నేను మొదటిమాటయే వ్రాసితిని. బడిలో నున్నది ఎక్స్‌ప్లోరరు పాతప్రతి. అంతే. రెండును వ్రాసి, ఇది యే బ్రౌజరని ముందుగా పరీక్షించి, తగిన మాటను ఎన్నుకొనవచ్చును. కాని ప్రతి పనికిని ఇట్లు రెండుత్రోవలు వ్రాయబూనినచో పద్యములకంటె పరీక్షలే ఎక్కువగును.

ఆ వేసవిలో నా పూర్వశిష్యు డొకడు హైదరాబాదునుండి సెలవులకు వచ్చి, నా పుటకు జేక్వెరీ అను సాధనమును జోడించెను. నేను ముప్పది పంక్తులు వ్రాసినచోట నాలుగే మిగిలినవి. బడికంప్యూటరులోను తాత్పర్యములు తెఱచుకొన్నవి.

జేక్వెరీని జాన్ రెసిగ్ అను అమెరికా యువకుడు 2006 జనవరిలో న్యూయార్కునందు జరిగిన బార్‌క్యాంపను సమావేశమున వెల్లడించెను. ఆ యేడు ఆగస్టులో దాని మొదటి ప్రతి వెలువడెను. ఇది వేఱొక భాష కాదు. జావాస్క్రిప్టులోనే వ్రాసి యుంచిన ఆజ్ఞల సంపుటము. ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును. ఏ బ్రౌజరు ఏమాట వినునో ఆ పరీక్షయంతయు దానిలోపలనే జరుగును; మనకు ఒక్కమాట చాలును.

అయితే నన్నాకర్షించినది అది మాత్రమే కాదు. వ్యాకరణము చదివినవారికి ఇందు పరిచితమైన పద్ధతి రెండుచోట్ల కనబడును. చిన్నయసూరి బాలవ్యాకరణమున ద్రుతప్రకృతికములని ఒక గుంపునకు సంజ్ఞ యుంచినందున, తరువాతి సూత్రములలో ఆ శబ్దములనన్నిటిని మఱల ఏకరువు పెట్టనక్కఱలేదు. సంజ్ఞ చెప్పిన చాలును. జేక్వెరీలోను డాలరుగుర్తు వ్రాసి, కుండలీకరణములలో చుక్క పెట్టి 'పద్యము' అను వర్గనామము వ్రాసినచో పుటలోని నూఱు పద్యములును ఒక్కమాఱుగా చేతికి వచ్చును. ఈ పిలుచు పద్ధతి సి.ఎస్.ఎస్. నందు ముందే యున్నది. రంగులు దిద్దువారికి అది కంఠస్థము గనుక వారు క్రొత్తగా నేర్వవలసినది స్వల్పము. జేక్వెరీ త్వరగా వ్యాపించుటకు ఇదియొక కారణమని నా తలంపు.

రెండవది అనువృత్తి. పాణినీయమున పూర్వసూత్రములోని పదము పరసూత్రములకు దానంతట వచ్చునుగదా! ఇక్కడను పద్యములను ఒక్కమాఱు పిలిచి, చుక్క పెట్టి 'రంగు మార్చుము', మఱియొక చుక్క పెట్టి 'విప్పుము' అని వరుసగా చెప్పుకొనిపోవచ్చును. ఎవరికి అను మాట మఱల వ్రాయనక్కఱలేదు. అమెరికాలోని యువకుడు పాణినిని చదివె నని నేననుట లేదు. తక్కువ మాటలలో ఎక్కువ చెప్పగోరువారు ఒకే త్రోవకు వచ్చి చేరుదురేమో.

వాడుకలో రెండు జాగ్రత్తలు కావలెను. జేక్వెరీని పుటలో ముందు చేర్చి తరువాతనే మన ఆజ్ఞలు వ్రాయవలెను. లేనిచో డాలరుగుర్తు ఏమో బ్రౌజరునకు తెలియక పని ఆగిపోవును. మఱియు పుటయంతయు కూడుకొనకమునుపే పద్యములను పిలిచినచో పలుకుటకు అవి యుండవు. అందులకే 'రెడీ' అను ఆజ్ఞ కలదు. పుట సిద్ధమైన పిదప మన పని మొదలుపెట్టు మని దాని భావము. నేను ఈ రెండవదానిని మఱచి ఒక పూటంతయు పోగొట్టుకొంటిని.

దోషము చెప్పకుండుట న్యాయము కాదు. జేక్వెరీ నొక్కదానినే నేర్చి జావాస్క్రిప్టు నేర్వనివారు పెక్కండ్రు బయలుదేరిరి. మూలము చూడక టీక మాత్రమే వల్లించిన విద్యార్థులను నేను చాలమందిని చూచితిని. ప్రశ్న కొంచెము మార్చి యడిగినచో వారు నోరు మెదపరు.

కాలము మాఱినది. వర్గనామముచేత పిలుచు సౌకర్యమును బ్రౌజర్లే తమలోనికి తీసికొన్నవి. 'క్వెరీ సెలెక్టర్ ఆల్' అని దాని పేరు. ఆజ్ఞల వాడుకయు చాలవఱకు ఒక్కటైనది. 2022 జూనులో మైక్రోసాఫ్టువారు ఎక్స్‌ప్లోరరునకు విశ్రాంతి నిచ్చిరి. పుటల రూపకల్పనకు పేరొందిన బూట్‌స్ట్రాప్ అను సాధనముకూడ 2021లో వచ్చిన అయిదవ ప్రతినుండి జేక్వెరీని వదలినది. క్రొత్తగా పుట కట్టువాడు నన్నడిగినచో, చిన్నపనికి జేక్వెరీ అక్కఱలేదనియే చెప్పుదును.

నా పద్యపుటలో మాత్రము దానిని తీయలేదు. పాతప్రతిని మార్చితిని, 3.5కు పూర్వపు ప్రతులలో పరులు వ్రాసిన దుష్టమైన ఆజ్ఞలు పుటలో జొరబడుటకు సందు కలదని తెలిసి, 2020లో వెలువడిన 3.5వ ప్రతియందు దానిని పూడ్చిరి. క్రొత్తప్రతిని చేర్చిన దినమున తాత్పర్యములు మఱల మూసికొనిపోయినవి. వెదకి చూడగా, నా శిష్యుడు వ్రాసిన 'లైవ్' అను ఆజ్ఞను 1.9వ ప్రతినుండి తొలగించిరని తెలిసెను. దానిస్థానమున 'ఆన్' అని వ్రాసి నొక్కితిని. మొదటి పద్యపు తాత్పర్యము విప్పుకొన్నది. తక్కిన తొంబదితొమ్మిదింటినిగూడ ఒక్కొక్కటిగా నొక్కి చూచిన పిమ్మటనే లేచితిని.